నోరు తిరగని పేర్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పురుగుమందు డబ్బా మీద, రొయ్యల ల్యాబ్ రిపోర్టులో, జంతుశాస్త్రం పుస్తకంలో కనబడే పొడుగాటి పేర్లను ఎలా విడగొట్టి పలకాలని గోదావరి డెల్టా నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం. పక్కపక్కన గీతలు పెట్టి రాసినవి నోటి ముక్కలు. ఊనిక, అంటే నొక్కి పలికే ముక్క, ఎక్కడో విడిగా చెప్పాం.

ప్రశ్న: చెరువులో రొయ్య ఎదగడం లేదని పీసీఆర్ చేయిస్తే రిపోర్టులో ‘ఎంటెరోసైటోజూన్ హెపటోపెనై’ అని చదివి చెప్పారు. ఇంకో ల్యాబ్‌లో ఇంకోలా అన్నారు. ఏది సరైనది? ఇంత పేరును ఎలా పట్టుకోవాలండీ?
– రొయ్యల రైతు, ఉండి

జవాబు: మీరంతా చెరువు గట్టు మీద ‘ఈహెచ్‌పీ’ అనేది దీన్నేనండి. రెండు మాటల పేరు. ముందు నోటితో కాకుండా పెన్సిల్‌తో మొదలుపెట్టండి. ఏ ముక్కకి ఏ అర్థమో చూసి అక్కడ నిలువు గీత గీయండి. ఎంటెరో అంటే పేగు, సైటో అంటే కణం, జోఆన్ అంటే జీవి. రెండో మాటలో హెపటో అంటే కాలేయం, పెనీఐ అంటే పెనియస్ జాతి రొయ్యకి చెందినది. రొయ్య హెపటోపాంక్రియాస్ (కాలేయం, క్లోమం రెండింటి పనీ చేసే అవయవం) కణాల్లో కాపురం పెట్టే సూక్ష్మజీవి కాబట్టి ఆ పేరు. 2009లో పెట్టారు.

అర్థం గీతలు పడ్డాక ఒక్కో ముక్కలో అచ్చులు లెక్కపెట్టండి. ఎన్ని అచ్చు ధ్వనులుంటే అన్ని నోటి ముక్కలు. లాటిన్ స్పెల్లింగ్‌లో ఎ-ఇ, ఓ-ఇ, ఎ-యు, ఇ-యు (ae, oe, au, eu) జంటలు పక్కపక్కన వస్తే సాధారణంగా ఒక్క అచ్చు కిందే లెక్క. మిగతా జంటలు ఎక్కువసార్లు రెండేసి. మీ రిపోర్టు చదివినవాళ్ళు జారింది ఇక్కడే. జోఆన్‌లో ఓ పక్కన ఓ ఉంటుంది. ఇంగ్లీషు అలవాటు కొద్దీ ‘మూన్, సూన్’ లాగా ‘జూన్’ అనేశారు. అవి రెండు ఓలు, రెండు ముక్కలు: జో-ఆన్. అలాగే చివరి మాటలో ‘నై’ అని ఒక్క ముక్క చేసేశారు. అక్కడ ఎ-ఇ జంట ఒకటి, దాని వెనక షష్ఠీ విభక్తి లాంటి ‘ఐ’ ఒకటి. నీ-ఐ అని విడగొట్టాలి.

మొత్తం మీద ఇలా వస్తుంది: ఎన్-టె-రో-సై-టో-జో-ఆన్, హె-ప-టో-పె-నీ-ఐ. ఏడూ ఆరూ పదమూడు ముక్కలు. ఊనిక మొదటి మాటలో ‘జో’ మీద, రెండో మాటలో ‘నీ’ మీద.

ఇక నోటికి ఎక్కించడం. మొదటి నుంచి మొదలుపెడితే నాలుగో ముక్క దగ్గర ఊపిరి, ధైర్యం రెండూ అయిపోతాయి. తోక నుంచి రండి. ‘ఆన్’ అనండి. ‘జో-ఆన్’ అనండి. ‘టో-జో-ఆన్’. ‘సై-టో-జో-ఆన్’. ఇలా ముందుకి ఒక్కో ముక్క తగిలిస్తూ పొండి. ప్రతిసారీ మీకు బాగా వచ్చిన భాగం వైపే నడుస్తారు కాబట్టి తడబాటు ఉండదు. ఊనిక ఉండేది కూడా సాధారణంగా చివరి మూడు ముక్కల్లోనే, అందుకే అది ముందే కుదురుకుంటుంది. రెండో మాటకీ అదే పద్ధతి. విడివిడిగా వచ్చాక రెండూ కలపండి.

ప్రశ్న: అచ్చులు లెక్కపెట్టడం సరే. హల్లులు గుంపుగా వచ్చినచోట ఏ హల్లు ఏ ముక్కకి పోతుంది? మా వైపు చెరువుల్లో పెంచే ఫంగస్ చేప అసలు పేరు ‘పంగాసియానోడాన్ హైపోఫ్తాల్మస్’ అంటారు. ఆ ‘ఫ్తా’ దగ్గరే నాలుక మడతపడుతోంది.
– డిగ్రీ విద్యార్థిని, ఆకివీడు

జవాబు: తెలుగు లిపి చేసే చిన్న మోసం ఇది. మన రాతలో పొల్లు ఎప్పుడూ తర్వాతి అచ్చు మీదకి ఎక్కి కూర్చుంటుంది. కాగితం మీద హై, పో, ఫ్తా, ల్మ, స్ అని కనిపిస్తుంది. ఆ లెక్కన పలకబోతే ‘ఫ్తా’తో, ‘ల్మ’తో మొదలుపెట్టాలి. మన నోటికి ఆ మొదళ్ళు అలవాటు లేదు. మరి ‘భక్తి’ అనేటప్పుడు ‘భ, క్తి’ అని పలుకుతున్నామా? భక్-తి అంటున్నాం. రాత ఒకలా, పలుకు ఒకలా. ఇక్కడా అదే చేయండి. గుంపులో మొదటి హల్లుని వెనక్కి నెట్టండి: హై-పాఫ్-తాల్-మస్. నాలుగే ముక్కలు, ఎక్కడా మడత లేదు. ఊనిక ‘తాల్’ మీద.

అర్థం గీత మాత్రం వేరేచోట పడుతుందని గమనించండి. హైపో అంటే కింద, ఆఫ్తాల్మ్ అంటే కన్ను. రెండూ కలిసినప్పుడు మధ్యలో ఒక ఓ లోపించింది, మన సంధిలో పూర్వ స్వరం పోయినట్టే. అర్థానికి విడగొట్టేది గుర్తుపెట్టుకోవడానికి, నోటికి విడగొట్టేది పలకడానికి. రెండు గీతలూ ఒకేచోట పడాలని పట్టుబట్టకండి.

ప్ర, ట్ర, క్ర, బ్ల, క్ల లాంటి గుంపులు మాత్రం విడిపోవు. వాటితో మాట మొదలుపెట్టడం మనకి వచ్చు కాబట్టి కలిసే ముందుకి వెళ్తాయి. మొదటి మాట పాన్-గా-సి-ఆ-నో-డాన్, ఊనిక ‘ఆ’ మీద. చేపల మార్కెట్‌లో ‘ఫంగస్’ అనే అడగండి, ఇంత పేరు చెబితే తూకం వేసే మనిషి బెదిరిపోతాడు.

ప్రశ్న: ఊనిక ఎక్కడ పెట్టాలో ముందే తెలిసే ఉపాయం ఉందా? ప్రతి పేరుకీ ఎవరినో అడగాల్సిందేనా?
– జీవశాస్త్రం ఉపాధ్యాయుడు, రాజోలు

జవాబు: ఉందండి మాస్టారూ. ఆ ఉపాయం మీ పక్క గదిలో తెలుగు మాస్టారి దగ్గర ఉంది. పద్యపాదానికి గురులఘువులు గుర్తించే పద్ధతే మొక్కల, జంతువుల శాస్త్రీయ నామాలకి దాదాపుగా సరిపోతుంది.

చివరి నుంచి రెండో ముక్కని పట్టుకోండి. అది గురువైతే ఊనిక దాని మీదే. లఘువైతే ఒక ముక్క వెనక్కి, అంటే చివరి నుంచి మూడోదాని మీదకి జరుగుతుంది. అంతకంటే వెనక్కి పోదు. రెండే ముక్కలున్న మాటకి మొదటిదే.

గురువు ఎప్పుడవుతుంది? అచ్చు దీర్ఘమైతే, ఇందాక చెప్పిన ఎ-ఇ లాంటి జంట అచ్చైతే, తర్వాత రెండు హల్లులు వస్తే. మూడూ మనకి తెలిసినవే. ఎక్స్, జెడ్ అక్షరాలు ఒంటరిగా కనబడినా రెండు హల్లుల కిందే లెక్క. అచ్చు పక్కనే ఇంకో అచ్చు వస్తే మాత్రం ముందుది సాధారణంగా లఘువు.

కొన్ని చూద్దాం. పెనియస్: పె-నీ-అస్. మధ్యలో జంట అచ్చు, గురువు, ఊనిక ‘నీ’ మీద. మంచినీటి రొయ్య స్కాంపీ పేరు మాక్రోబ్రేకియమ్: మా-క్రో-బ్రే-కి-అమ్. ‘కి’ తర్వాత అచ్చుంది, లఘువు, కాబట్టి ఊనిక వెనక్కి జరిగి ‘బ్రే’ మీద. వరి శాస్త్రీయ నామం ఒరైజా: ఒ-రై-జా. జెడ్ రెండు హల్లుల లెక్క కాబట్టి ‘రై’ గురువు. వరికి మానిపండు తెగులు తెచ్చే శిలీంధ్రం అస్టిలాజినాయిడియా: అస్-టి-లా-జి-నాయ్-డి-ఆ. ఏడు ముక్కలున్నా భయం లేదు. ‘డి’ తర్వాత అచ్చు, లఘువు, ఊనిక ‘నాయ్’ మీద.

మీ తెలుగు మాస్టారికి బాగా నచ్చే సంగతి ఒకటుంది. లాటిన్‌లో రెండు హల్లుల నియమానికి ఒక మినహాయింపు: రెండో హల్లు ర గానీ ల గానీ అయితే ముందు ముక్క లఘువుగా మిగలొచ్చు. వర్టిబ్రా అనే మాటలో ‘టి’ తర్వాత బ, ర రెండూ ఉన్నా అది లఘువే. అందుకే వర్-టి-బ్రాలో ఊనిక ‘వర్’ మీద. మన ఛందస్సులోనూ ‘అద్రుచు, విద్రుచు’ లాంటి చోట్ల రేఫ ఉన్న సంయుక్తాక్షరాన్ని తేల్చి పలికితే ముందు అక్షరం లఘువే కదా.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. చివరి నుంచి రెండో ముక్క తర్వాత ఒకే హల్లు ఉంటే ఆ అచ్చు హ్రస్వమో దీర్ఘమో స్పెల్లింగ్ చెప్పదు. అక్కడ తోకలు గుర్తుపెట్టుకోవాలి. ఆటస్, ఓసా, ఏలిస్ తోకల్లో దీర్ఘం, ఊనిక అక్కడే. ఇకస్, ఉలా, ఫెరా, ఫోరా, ఫాగా తోకల్లో హ్రస్వం, ఊనిక ఒక ముక్క వెనక్కి. కొబ్బరి పేరు కోకస్ న్యూసిఫెరాలో ఊనిక ‘సి’ మీద ఉండేది అందుకే. వరి కాండం తొలుచు పురుగు సిర్-పా-ఫ-గా, ఊనిక ‘పా’ మీద.

ఊనిక అంటే అరవడం కాదు, హల్లుని ద్విత్వం చేయడమూ కాదు. ఆ ముక్క దగ్గర గొంతు కాస్త పైకి లేచి కాస్త నిలబడాలి, అంతే. పిల్లలు ‘పెన్నీయస్’ అంటున్నారంటే ఊనికని ద్విత్వంగా మార్చేసుకున్నారన్నమాట.

మందుల పేర్లకి, రసాయనాల పేర్లకి ఈ ఛందస్సు నడవదు. అవి ఇంగ్లీషు తోకల ప్రకారం పోతాయి. ‘ఇక్’తో ముగిస్తే దాని ముందు ముక్క మీద, ‘ఆలజీ’తో ముగిస్తే ఆ ‘ఆ’ మీద, ‘ఐటిస్’ అయితే ‘ఐ’ మీద. డీఎన్‌ఏ పూర్తి పేరులో మొదటి మాట చూడండి: డీ-ఆక్-సి-రై-బో-న్యూ-క్లీ-ఇక్. ఎనిమిది ముక్కలు, ఊనిక ‘క్లీ’ మీద. పిల్లలు ‘న్యూక్లిక్’ అని ఒక ముక్క మింగేస్తారు. పరీక్షలో స్పెల్లింగ్ తప్పడానికి కూడా అదే కారణం, పలకని అచ్చు రాతలోకి రాదు.

ప్రశ్న: షాపుకి వచ్చిన రైతులు ‘క్లోరో ఇవ్వండి’ అంటారు. ఏ క్లోరో అని అడిగితే చిరాకు పడతారు. పూర్తి పేరు వాళ్ళకి తేలిగ్గా నేర్పే మార్గం చెప్పండి.
– పురుగుమందుల షాపు గుమస్తా, రావులపాలెం

జవాబు: మీరు అడగడమే సరైన పని. వాళ్ళు చిరాకుపడ్డా సరే మానకండి. క్లోర్ అంటే ఆ రసాయనంలో క్లోరిన్ ఉందని మాత్రమే. దాన్నిబట్టి అది ఏం మందో తెలీదు. క్లోర్-పై-రి-ఫాస్ పురుగుమందు. క్లో-రో-థా-లో-నిల్ తెగుళ్ళ మందు. క్లోర్-మె-క్వాట్ మొక్క పొడుగుని అదుపు చేసేది. క్లో-రాన్-ట్ర-ని-లి-ప్రోల్ కాండం తొలుచు పురుగుకీ ఆకుముడతకీ వాడేది. దీనిలో మళ్ళీ 18.5 శాతం ద్రవం వేరు, 0.4 శాతం గుళికలు వేరు. ఇక క్లోర్ మాట చివర్లో వస్తే, ప్రె-టి-లా-క్లోర్, బ్యూ-టా-క్లోర్ లాగా, అది చాలావరకు కలుపు మందు! ‘క్లోరు మందు’ అని చీటీ రాసి కుర్రాణ్ణి పంపితే ఏం జరగొచ్చో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అందరూ పేరు తల పట్టుకుంటారు. సంగతి తోకలో ఉంటుంది. ఫాస్ అంటే ఎక్కువగా భాస్వరం ఉన్న పురుగుమందుల కుటుంబం. త్రిన్ అంటే పైరెత్రాయిడ్లు అనే పురుగుమందులు. కొనజోల్, స్ట్రోబిన్ తెగుళ్ళ మందులు. సల్ఫ్యూరాన్ కలుపు మందు. రైతుకి మొత్తం పేరు రాకపోయినా కనీసం చివరి రెండు ముక్కలూ చెప్పమనండి. ‘ప్రోల్’ అన్నా ‘ఫాస్’ అన్నా మీకు సగం పని అయిపోతుంది.

క్లోరాంట్రానిలిప్రోల్‌లో తడబడేది నడుమ. ‘ట్రని’, ‘నిలి’ దగ్గర ఒకే రకం ధ్వనులు వరసగా రావడంతో ఒక ముక్క జారిపోయి ‘క్లోరాంట్రాప్రోల్’ అయిపోతుంది. ఆరు ముక్కలని వేళ్ళ మీద లెక్కపెట్టించండి, ఊనిక ‘ని’ మీద పెట్టించండి. ఊనిక పడిన ముక్క జారదు.

చీటీ మీద మాత్రం డబ్బా మీదున్న సాంకేతిక నామాన్ని చూసి రాయించండి, శాతంతో సహా. నోటి మాట ఎంత బాగా వచ్చినా చీటీకి బదులు కాదు.

ప్రశ్న: వనామీ అనాలా, వన్నమేయి అనాలా? శిక్షణ తరగతిలో ఒకాయన ‘వనామీ తప్పు’ అని అందరి ముందూ దిద్దారు.
– హేచరీ ఉద్యోగి, కాకినాడ

జవాబు: అది ఒక మనిషి పేరు నుంచి వచ్చింది, అమెరికా శాస్త్రవేత్త విలార్డ్ వాన్ నేమ్ పేరు. దానికి షష్ఠి ‘ఐ’ చేరింది. పుస్తకం ప్రకారం వాన్-నే-మి-ఐ, నాలుగు ముక్కలు, ఊనిక ‘నే’ మీద. మనుషుల పేర్ల నుంచి వచ్చిన వాటిని ఆ మనుషులు పలికినట్టే పలికి చివర తోక తగిలించడం మర్యాద. స్కాంపీ పేరులో రోజెన్‌బర్గి-ఐ అనేటప్పుడు ‘గ’ని ‘జ’ చేయకపోవడం మంచిదనేది అందుకే.

అయితే 2009లో మన దేశంలో ఈ రొయ్య పెంపకానికి అనుమతి వచ్చినప్పటి నుంచి ‘వనామీ’ తెలుగు మాటైపోయింది. మేత బస్తా మీదా అదే, ధర చెప్పేటప్పుడూ అదే. దాన్ని తప్పనడం మాకు సబబుగా తోచలేదు. పరిశోధన పత్రం చదివేచోట పుస్తకం పలుకు, గట్టు మీద గట్టు పలుకు. ఇంటి పేరు, అంటే శాస్త్రీయ నామంలో మొదటి మాట, మాత్రం పాత రిపోర్టుల్లో లిటోపెనియస్ అనీ కొత్తవాటిలో చాలాచోట్ల పెనియస్ అనీ కనిపిస్తుంది. రెండూ ఒకే రొయ్య.

ప్రశ్న: పేరులో ‘జోల్’ ఉన్న మాత్రలు చాలా ఉన్నాయి. ఫోన్‌లో ఆర్డరు చెప్పేటప్పుడు ఒకదానికి ఒకటి వస్తున్నాయి. ఏం చేయాలి?
– మందుల షాపు, తణుకు

జవాబు: జోల్ ముందు ముక్కల్ని వినాలి, చెప్పాలి. ప్ర-జోల్ అయితే సాధారణంగా కడుపులో ఆమ్లం తగ్గించే మందు: ఒ-మె-ప్ర-జోల్, పాన్-టొ-ప్ర-జోల్. కొ-న-జోల్ అయితే శిలీంధ్రాలకి: ఫ్లూ-కొ-న-జోల్. వరి పొడ తెగులుకి కొట్టే హెక్సాకొనజోల్‌లోనూ అదే తోక ఉంది, రెండూ ట్రయజోల్ కుటుంబానివే. నై-డ-జోల్ అయితే మె-ట్రొ-నై-డ-జోల్ దారి, కొన్ని రకాల బ్యాక్టీరియాకీ పరాన్నజీవులకీ. ఒకే ‘జోల్’, మూడు దారులు. ఇలాంటి తోకలు యాదృచ్ఛికం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో తీర్మానించి, 1953 నుంచి మందుల అంతర్జాతీయ నామాల జాబితాలు ప్రకటిస్తూ వస్తోంది. ఒక కుటుంబం మందులకి ఒక తోక అనేది అందులో భాగం.

మరీ దగ్గరగా వినిపించే జంటలున్నాయి. హై-డ్రాక్-సి-జిన్ దురదకి, ఆందోళనకి ఇచ్చేది. హై-డ్రా-ల-జిన్ రక్తపోటుకి. తలా తోకా ఒకటే, నడుమ మాత్రమే తేడా. అందుకే కొన్ని దేశాల్లో లేబుళ్ళ మీద తేడా ఉన్న ఆ నడిమి భాగాన్నే పెద్ద అక్షరాల్లో అచ్చేస్తారు. ఫోన్‌లో మీరూ అదే చేయండి. ముక్కలుగా ఒకసారి చెప్పండి, తేడా వచ్చే ముక్కని అక్షరాలుగా చెప్పండి, మిల్లీగ్రాములు అంకె అంకెగా చెప్పండి, ఏ జబ్బుకో కూడా చెప్పండి. అవతలి మనిషి చేత తిరిగి చెప్పించుకోకుండా ఫోన్ పెట్టకండి. ‘పదిహేను’, ‘యాభై’ ఇంగ్లీషులో చెప్పినప్పుడు ఎంత దగ్గరగా వినిపిస్తాయో మీకు అనుభవమే అయి ఉంటుంది, ‘ఒకటి-ఐదు’ అనండి.

ప్రశ్న: మా పిల్లలు ముక్కలు సరిగ్గానే విడగొడుతున్నారు, కానీ పలికేటప్పుడు ‘ఇస్టెఫిలో’, ‘యెంటెరో’, ‘వైరస్సు’ అంటున్నారు. ఎలా దిద్దాలి?
– ఉపాధ్యాయిని, అమలాపురం

జవాబు: మూడూ ఒకే స్థాయి తప్పులు కావండి. ‘యెంటెరో’, ‘వొరైజా’ మన భాష స్వభావం. మాట మొదట్లో ఎ వస్తే యకారం, ఒ వస్తే వకారం కాస్త తగులుతాయి. అర్థం చెడదు, ముక్కల సంఖ్య మారదు. వదిలేయండి.

‘ఇస్టెఫిలో’, ‘వైరస్సు’ మాత్రం దిద్దాలి, ఎందుకంటే లేని ముక్కని కలుపుతున్నారు. లెక్క మారితే ఊనిక జారుతుంది. ‘స్ట’తో మొదలయ్యే మాటకి ముందు పాము బుసలా ‘స్స్స్’ అని పొడుగ్గా ఊదించి, ఆ గాలి ఆగకుండానే ‘టె’ అనిపించండి. గాలి ముందే నడుస్తుంటే ‘ఇ’కి చోటుండదు. చివరి ఉకారానికి, మాట ముగిశాక పెదవులు గుండ్రంగా చుట్టకుండా చూసుకోమనండి.

ఇంకోటి మీరు అడగలేదు గానీ, జెడ్ ధ్వని. మన జిల్లాల పిల్లలకి అది దాదాపు వచ్చినట్టే. ‘జొన్న, జున్ను, జడ’లో మనం పలికే దంత్య జకారం దానికి దగ్గరి చుట్టం. నాలుక పళ్ళకి ఆనకుండా కొంచెం సందు వదిలితే జెడ్ అయిపోతుంది. ‘జీవి, జెండా’లోది తాలవ్యం, అది పనికిరాదు. చిక్కెక్కడంటే ఇ, ఎ ముందు మన నాలుక తనంతట తానే తాలవ్యం వైపు పోతుంది. వరి ఎండాకు తెగులు బ్యాక్టీరియా జాన్-థో-మో-నస్ ఒ-రై-జీ పేరులో మొదటి ‘జా’ సులువుగా వస్తుంది, చివరి ‘జీ’ తప్పుతుంది. ‘సీ’ అని పొడుగ్గా పలుకుతూ మధ్యలో గొంతు కలపమనండి, గొంతు మీద వేలు పెట్టుకుంటే అదురు తెలుస్తుంది. ‘జాన్థోమోనస్’లో ఊనిక కొందరు ‘మో’ మీద, కొందరు ‘థో’ మీద పెడతారు. రెండూ వినిపిస్తాయి, ఒకటి ఎంచుకుని ఉండిపొండి. జంతువుల పేర్లకైనా మొక్కల పేర్లకైనా స్పెల్లింగ్‌కి అంతర్జాతీయ నియమావళి ఉంది. ఉచ్చారణకి అలాంటి శాసనం లేదు.

ప్రశ్న: కోరింగ మడ అడవుల్లో పడవ మీద వచ్చినవాళ్ళకి చెట్ల పేర్లు చెబుతుంటాను. నాలుగు పేర్లు సరిగ్గా రాసివ్వండి. పులస పేరు కూడా.
– పడవ గైడు, తాళ్ళరేవు

జవాబు: మడ చెట్టు అవిసెన్నియా: అ-వి-సెన్-ని-ఆ, ఊనిక ‘సెన్’ మీద. వైద్యుడు ఇబ్న్ సీనా లాటిన్ పేరు అవిసెన్నా, ఆయన జ్ఞాపకార్థం పెట్టింది. ఊతవేళ్ళు దించే రైజోఫోరా: రై-జా-ఫొ-రా, ఊనిక ‘జా’ మీద. చాలామంది ‘ఫో’ మీద నొక్కుతారు, అది లఘువు. తిల్ల చెట్టు ఎక్సీకేరియా అగాలోకా: ఎక్-సీ-కే-రి-ఆ, అ-గా-లొ-కా. మొదటి మాటకి గుడ్డి చేసేది అని అర్థం. పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి ఈ పేరు చెప్పేటప్పుడే ఆ హెచ్చరిక కూడా చెప్పేయండి.

పులస తె-ను-అ-లో-సా ఇ-లి-షా. ఇలిషా మన దేశపు మాటే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలకి పేర్లు పెట్టినప్పుడు ఊరివాళ్ళ మాటల్నే చాలావరకు లాటిన్‌లోకి తీసుకున్నారు. శీలావతి లాబియో రోహితాలో రోహిత, బొచ్చె పేరులో కట్లా అలా వచ్చినవే. వాటిని ఇంగ్లీషు యాసలో మెలితిప్పక్కర్లేదు, మనం పలికినట్టే పలకండి.

ప్రశ్న: కాలేజీ క్విజ్‌లో 45 అక్షరాల ఇంగ్లీషు మాట ఇచ్చారు, న్యూమోనో అని మొదలవుతుంది. ముక్కలు ఎన్ని?
– ఇంటర్ విద్యార్థి, పాలకొల్లు

జవాబు: 19. న్యూ-మో-నో-అల్-ట్రా-మై-క్రో-స్కా-పిక్-సి-లి-కో-వాల్-కే-నో-కో-ని-ఓ-సిస్. ఊనిక చివరి ‘ఓ’ మీద. 1935లో అమెరికా పజిల్ సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ సరదాకి కూర్చిన మాట ఇది. డాక్టర్లు ఆ జబ్బుని సిలికోసిస్ అంటారు. క్విజ్‌కి పనికొస్తుంది, అంతకు మించి దీనిమీద సాయంత్రాలు వృథా చేయకు బాబూ.

ప్రశ్న: రైతు కరపత్రాలు డీటీపీ చేస్తాను. ఈ పేర్లు లైను చివర ఎక్కడ విరగ్గొట్టాలి? కొన్నిచోట్ల వత్తులు కలిసిపోయి చదవడానికి రావడం లేదు.
– డీటీపీ ఆపరేటర్, భీమవరం

జవాబు: అర్థం గీత దగ్గర విరవండి: ఎంటెరోసైటో తర్వాత గీత పెట్టి, జోఆన్ కింది లైనులో. అది కుదరకపోతే ఏ పూర్తి అక్షరం ముందైనా సరే. హల్లుకీ దాని వత్తుకీ మధ్య ఎప్పుడూ వద్దు. పొల్లుతో కొత్త లైను మొదలవకూడదు, ఒంటరి అక్షరం కింద మిగలకూడదు.

వత్తులు కలిసిపోవడానికి కారణం, పొల్లు తర్వాత హల్లు టైపు చేయగానే యూనికోడ్ ఫాంటు దాన్ని వత్తుగా మార్చేయడం. క్లోర్పైరిఫాస్ అని వస్తోంది, మీకు కావలసింది క్లోర్‌పైరిఫాస్. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టండి. యూనికోడ్‌లో దాని సంకేతం 200సి, చాలా తెలుగు కీబోర్డుల్లో మీట ఉంటుంది. అర్థం గీత పడేచోట అది పెడితే చదివేవాడి నోరు కూడా అక్కడే ఆగుతుంది. మాట నడుమ ప్రతి పొల్లుకీ పెట్టేస్తే మాత్రం పేజీ అంతా ముళ్ళకంపలా తయారవుతుంది.

ప్రశ్న: వరి ఆకుముడత పురుగు పేరు ‘సి’తో మొదలవుతుంది, కానీ నాఫలోక్రోసిస్ అంటారు. ఆ సి ఏమైంది?
– వ్యవసాయ డిప్లొమా విద్యార్థి, రామచంద్రపురం

జవాబు: మాట మొదట్లో క్న, ప్న, ప్స, ప్ట గుంపులు ఇంగ్లీషు నోటికి రావు, అందుకని మొదటి హల్లుని వదిలేస్తారు. న్యుమోనియా, సైకాలజీ, టెరోడాక్టిల్ అలా పలికేవే. అవే గుంపులు మాట నడుమకి వస్తే మొదటి హల్లు వెనక ముక్కకి చేరిపోతుంది కాబట్టి మళ్ళీ వినిపిస్తుంది. టెరోడాక్టిల్‌లో వినబడని ప, హెలికాప్టర్‌లో హె-లి-కాప్-టర్ అని నిక్షేపంగా పలుకుతుంది. రెండింట్లోనూ ఉన్నది రెక్క అనే అర్థమున్న ఒకే గ్రీకు ముక్క. కందిరీగల వర్గం హై-మె-నాప్-టె-రాలో ఉన్నదీ అదే.